మూడున్నర కిలోల ఇసుక

చేతి తొడుగు పోయింది ఆదివారం మధ్యాహ్నం. పెద్ద జబ్బులతో ఆస్పత్రి పాలైన పిల్లల కోసం నెలకోసారి మైదానంలో జరిపే సరదా పూట అది. మోటారు సైకిలు పక్కన తొట్టిలా బిగించిన సైడ్‌కారులో కూచుని మూడో చుట్టు తిరుగుతూ, గట్టు మీది జనానికి చెయ్యి ఊపింది జడ్జిగారు. ఊపిన చెయ్యి వెనక్కి వచ్చింది గానీ తొడుగు రాలేదు. అమ్మమ్మ అల్లిన ఉన్ని తొడుగు. కిందటి నెల బిగుతుగా ఉన్నది ఈ నెల ఆ వేళ్ళని పట్టుకుని ఉండలేకపోయింది.

జడ్జిగారికి ఎనిమిదేళ్ళు. సూది నెప్పి లేకుండా పొడిచారా లేదా, దిండు మెత్తగా ఉందా లేదా, ఏ డాక్టరుకి ఏ చొక్కా నప్పలేదు, అన్నిటికీ తీర్పు చెప్తుంది కాబట్టి వార్డంతా కలిసి ఆ పేరు పెట్టింది. తొడుగు పోయిందనగానే తల్లి వెతికింది, సిస్టర్లు వెతికారు, జోకరు వేషం వేసినాయన పొడుగు బూట్లతోనే గడ్డిలో పారాడాడు. బండి నడిపే మేస్త్రీ ఒక్కడే వెతకలేదు. సైడ్‌కారు చక్రం వైపు చూస్తూ నిలబడిపోయాడు. తొడుగు జారిన మలుపులోనే ఆ చక్రం నేల విడిచింది. ఎంతో కాదు, రెండు వేళ్ళ ఎత్తు. గట్టు మీంచి ఎవరికీ కనపడలేదు. హ్యాండిలు పట్టుకున్న చేతులకి తెలిసింది.

కిందటి వారం మనం ఆయన్ని అక్కడే వదిలి వచ్చాం.

మేస్త్రీది లేత్ మిషను పని. తన కూతురు నడవలేని రోజుల్లో ఆస్పత్రికి తిప్పడానికని ఆ సైడ్‌కారు సొంతంగా తయారు చేశాడు. ఆరేళ్ళ కిందట కూతురు పోయింది, తొట్టి మిగిలింది. రెండేళ్ళు దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు. తర్వాత పెద్ద సిస్టరు ఇంటికొచ్చి అడిగితే కాదనలేక గుడ్డ తీశాడు. అప్పట్నుంచి నెలకో ఆదివారం ఆయన పిల్లలందరికీ బండి మావయ్య.

సైడ్‌కారుతో ఒక చిక్కుంది. తొట్టి తేలిగ్గా ఉంటే, ఎడమ వైపు తిరిగేటప్పుడు దాని చక్రం పైకి లేస్తుంది. పెద్దవాళ్ళు కూచుంటే ఇబ్బంది లేదు. పిల్లలకి, అందులోనూ ఈ పిల్లలకి, బండిని నేలకి అదిమి పెట్టేంత బరువుండదు. అందుకని మేస్త్రీ కాన్వాసు గుడ్డతో ఇసుక సంచులు కుట్టించాడు. అరకిలోవి, కిలోవి, అయిదు కిలోలవి. పిల్లా ఇసుకా కలిసి నలభై తూగాలి. పిల్ల బరువు ఆస్పత్రివాళ్ళిచ్చే అట్ట మీద రాసి ఉంటుంది. పిల్ల ఇరవై అయిదైతే ఇసుక పదిహేను. సీటు కింద సర్దేసి ఏమీ ఎరగనట్టు లేస్తాడు. అది చాలదని తొట్టి స్ప్రింగు దగ్గర తెల్లరంగుతో ఓ గీత కూడా గీసుకున్నాడు. నలభై పడిందంటే ఆ గీత మడ్‌గార్డు అంచుకి సరిగ్గా వచ్చి ఆగుతుంది.

ఆదివారం ఆయన చేసిన తప్పల్లా అట్టని నమ్మి గీత చూడకపోవడం. అట్ట మీద ఇరవై ఒకటి అని ఉంది. పందొమ్మిది కిలోల ఇసుక వేసి బయల్దేరాడు. చక్రం లేచింది.

తొడుగు దొరకదని అందరూ తేల్చుకున్నాక, ఓదార్పుగా ఇంకో చుట్టు అని చెప్పి జడ్జిగారిని మళ్ళీ కూచోబెట్టాడు. వంగి చూస్తే గీత అంచుకి వేలెడు పైన ఉంది. కిలో సంచి ఒకటి తోశాడు. ఇంకొకటి తోశాడు.

"సీటు కింద ఏం పెడుతున్నావు మావయ్యా?"

"బండికి భోజనం."

"ఇందాక పెట్టావుగా."

"చాల్లేదంది."

జడ్జిగారు కాసేపు ఆలోచించి, ఈ బండికి తిండి ధ్యాస మరీ ఎక్కువైంది కాబట్టి నెల రోజులు పస్తుంచమని తీర్పు చెప్పింది. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే మూడో కిలో సంచి, దాని వెనక అరకిలో సంచి తోశాడు. గీత అంచుకి వచ్చింది. మూడున్నర కిలోలు అదనంగా పట్టింది. నలభైలోంచి ఇరవై రెండున్నర తీస్తే పదిహేడున్నర.

అట్ట మీద తేదీ మొన్న శుక్రవారానిది. రెండు రోజుల్లో ఏ పిల్లా మూడున్నర కిలోలు తగ్గదు.

ఆ ఆఖరి చుట్టు ఆయన నడకంత నెమ్మదిగా తిప్పాడు. జడ్జిగారికి అది నచ్చలేదు. ఈ మాత్రం దానికి మంచం మీదే ఉండొచ్చంది.

సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ ఏనాడూ ఆ మైదానానికి రాలేదు, వద్దనీ అనలేదు. అంతా విని, ఉతికిన బట్టలు మడత పెడుతూనే, ఆ పాపకి హద్దు ఎంత అని అడిగింది. పద్దెనిమిది అన్నాడు. అంతకంటే దిగితే మందు ఆపేస్తారు. ఒళ్ళు చేశాక గానీ మళ్ళీ మొదలుపెట్టరు. ఆ సంగతి జడ్జిగారి తల్లే ఆయనతో అంది. ఆవిడకి ఆయన తన కూతురి సంగతంతా చెప్పిన రోజు, వార్డు బయట బెంచీ మీద.

చిన్న చిన్న గౌన్లు ఇప్పుడా ఇంట్లో మడత పెట్టడానికి లేవు కాబట్టి పని త్వరగా అయిపోయింది. భార్య లేచి వెళ్తూ ఒక్క మాట అంది.

"మన పిల్ల తూకం ఆ రోజు మీరే చదివారు."

నిందగా అన్నది కాదు. గుర్తు చేసినట్టూ కాదు. ఉన్న మాట, అంతే. ఆ రోజు తూచే సిస్టరు కళ్ళజోడు మరిచిపోయి వస్తే, ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూసి పైకి చదివినవాడు ఈయనే. పదహారు మీద ఎనిమిది వందలు. హద్దుకి రెండు వందల గ్రాములు తక్కువ. అటూ ఇటూగా పదిహేడు అనేసినా ఎవరూ కాదనేవారు కాదు. కొలతకి అబద్ధం చెప్పడం ఆయన చేతికి రాదు. మందు ఆపారు. ఒంటికి బలం రావాలన్నారు. నాలుగో వారంలో పిల్ల పోయింది. మందు ఆపకపోతే బతికేదా అని ఆయన డాక్టరుని అడిగాడు. చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటతోనే ఆరేళ్ళుగా కాపరం చేస్తున్నాడు మేస్త్రీ.

ఇప్పుడు మళ్ళీ ఒక పిల్ల తూకం తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. పైగా బండి తోలడానికి వచ్చిన మొదటి రోజునే ఆయన చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. పిల్లల వైద్యం గురించి ఇటు ఇంటివాళ్ళతో గానీ అటు ఆస్పత్రివాళ్ళతో గానీ మాట్లాడకూడదు. మాట్లాడితే ఇక రానక్కర్లేదు. చెబితే ఆస్పత్రి గేటు మూసుకుంటుంది. ఆ గేటు సంగతి అటుంచినా, చెప్పాక మందు ఆగిపోయి జరగరానిది జరిగితే, ఆ రెండో తూకం కూడా ఆయనే చదివినట్టవుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఎటు తిరిగినా గోడే తగిలింది.

సోమవారం మధ్యాహ్నం లేత్ ఆపి, చేతులు కడుక్కుని, కర్టెన్ల దుకాణానికి వెళ్ళాడు.

జడ్జిగారి తల్లి అక్కడ కుట్టుపని చేస్తుంది. తండ్రి లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతూ పదిహేను రోజులకోసారి ఇల్లు చేరతాడు. దుకాణం వెనక గదిలో ఆవిడ మిషను. గోడల పొడుగునా గుడ్డ తానులు, మధ్యలో కత్తిరింపుల బల్ల, నెత్తిన ఒక ట్యూబు లైటు. ఊళ్ళో కిటికీలన్నిటికీ కర్టెన్లు కుట్టే ఆ గదికి ఒక్క కిటికీ లేదు.

ఆవిడ స్టూలు మీది గుడ్డ పీలికలు దులిపి కూచోమంది. తొడుగు దొరికిందా అని అడిగింది. లేదన్నాడు. పిల్ల అమ్మమ్మ దగ్గరుందని, రేపు మందు ఎక్కించాలి కదా, ఇవాళ ఒక పూట కళ్ళ ముందు లేకపోతే తనకి కాస్త పని తెములుతుందని చెప్పుకొచ్చింది. మేస్త్రీ కాసేపు ఊ కొట్టాడు. నీళ్ళు నమిలే అలవాటు లేని మనిషి, ఎక్కువసేపు నమల్లేకపోయాడు.

"పాప బరువు ఎంతమ్మా?"

"అట్ట మీద ఉందిగా అన్నయ్యా. ఇరవై ఒకటి."

"నా ఇసుక పదిహేడున్నర అంటోంది."

మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి పడింది. సూది గుడ్డలో సగం దిగి ఆగింది. మీ ఇసుక తడిసి ఉంటుందిలెండి, అని నవ్వబోయింది. తడిస్తే ఇసుక బరువెక్కుతుందని, అలాంటప్పుడు తక్కువ సంచులు పట్టాలి గానీ ఎక్కువ పట్టవని ఆయన నెమ్మదిగా చెప్పాడు. పోనీ స్ప్రింగు పాతబడిందేమో అంది. పాతబడిన స్ప్రింగు కుంగుతుంది గానీ పైకి లేవదన్నాడు. ఆవిడ లేచి తలుపు మూసింది. తలుపు వెనక మేకుకి తగిలించిన పిల్ల కోటు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

ముదురు నీలం కోటు. ఆదివారం మైదానంలో పిల్ల ఒంటి మీద ఇది లేదు. లోపల మెత్తటి ఉన్ని. ఎత్తబోతే మణికట్టు కిందికి లాగింది. అంచు పట్టి చూశాడు. మడత లోపల వరసగా చిన్న చిన్న సీసం గుళ్ళు, ఒకదాని పక్కన ఒకటి. కర్టెన్లు గాలికి ఎగరకుండా కింది మడతలో పెట్టి కుట్టే గుళ్ళవి. కోటు అంచు చుట్టూ, చేతుల చివర, కాలరు మడతలో, ఎక్కడా ఉబ్బు తెలియకుండా కుట్టింది. ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదని ముందు అనిపించింది ఆయనకి. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

"రెండు కిలోలు," అంది ఆవిడ. "మిగతాది నీళ్ళు."

ఇక దాచలేదు. శుక్రవారం పొద్దున్న ఇంటి దగ్గర పిల్ల చేత గుక్కగుక్కగా లీటరున్నర తాగిస్తుంది. తూకం అయ్యేదాకా బాత్రూముకి వెళ్ళకుండా ఉంటే పందెం గెలిచినట్టు. పిల్ల చలికి వణుకుతుంటే కోటు విప్పమనడానికి సిస్టర్లకి మనసొప్పేది కాదు. మొదట్లో అరకిలోయే కుట్టింది, రెండు నెలల కిందట. ఈ ఒక్కసారికే అనుకుంది. తర్వాతి వారం పిల్ల ఇంకాస్త తగ్గింది. ఇంకో వరస కుట్టింది. ఇదంతా మొగుడికి తెలియదు, తల్లికి తెలియదు. చలికాలంలో ఒకసారి మందు ఆరు వారాలు ఆపారు. ఆ ఆరు వారాల్లోనే మెడ దగ్గర గడ్డలు మళ్ళీ తేలాయి. ఇంకోసారి ఆగిందంటే మళ్ళీ మొదలుపెట్టడానికి ఏమీ ఉండదన్నయ్యా అంది.

మేస్త్రీ కోటుని మడిచి బల్ల మీద పెట్టాడు.

"మందు బరువుని బట్టే కొలుస్తారమ్మా. పిల్ల పదిహేడున్నర. మందు ఇరవై ఒకటికి ఎక్కుతోంది."

"తెలుసు."

ఆ జవాబు ఆయన అనుకోనిది.

"తెలుసన్నయ్యా. కాస్త ఎక్కువ పడితే జబ్బు కాస్త తొందరగా పోతుందనుకున్నా. తక్కువ పడితే కదా భయం."

ఇలాంటి చోట అరవడం ఎవరికైనా తేలిక. పాప మాట ముద్దగా వస్తోంది, నోట్లో పుళ్ళు ఎప్పట్నుంచి అని మాత్రం అడిగాడు ఆయన. రెండు నెలలు అంది. ముద్ద మింగలేకపోవడం ఎప్పట్నుంచి అని అడిగాడు. అప్పట్నుంచే అంది. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే కోటు అంచు మీదికి వెళ్ళింది. మందు ఎక్కువైతే నోరు పూస్తుంది. నోరు పూస్తే తిండి దిగదు. తిండి దిగకపోతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే ఇంకో వరస గుళ్ళు. వేళ్ళు ఒక్కో గుండునే తడుముకుంటూ అంచు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాయి.

బయట దుకాణంలో యజమాని ఎవరికో గుడ్డ రంగు వెలవదని హామీ ఇస్తున్నాడు. తలుపు తట్టి, సాయంత్రానికి ఆరు కర్టెన్లు కావాలని గుర్తు చేశాడు. ఆవిడ సరేనంది. గొంతులో తేడా లేదు. ఆ తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు, మొహంలో రక్తం లేదు.

"మీ పాప విషయంలో మీరు నిజమే చెప్పారు కదన్నయ్యా. ఏం మిగిలింది?"

ఈ ఆరేళ్ళలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. ఓదార్చినవాళ్ళున్నారు, మొహం చాటేసినవాళ్ళున్నారు. అడిగినవాళ్ళు లేరు. ట్యూబు లైటు గుయ్యిమంటోంది. తలుపు మూసి ఉంది. లేచి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళినా ఇదే గది తన వెంట ఇంటిదాకా వస్తుందని తెలిసి కదల్లేదు.

చివరికి, నాకేం మిగిలిందో నాకూ తెలీదమ్మా అన్నాడు. నీకు పిల్ల మిగలాలి, అందుకే వచ్చాను అన్నాడు.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని కూచుంది. ఇంకా రెండే మోతాదులున్నాయని, రేపటిది ఒకటి, వచ్చే నెలది ఒకటి అని చెప్పింది. అది బతిమాలడమో, లెక్క చూసుకోవడమో ఆయనకి అర్థం కాలేదు. సిస్టరుకి ఆయన చెప్తే ఒక తల్లి మోసం చేసిందంటారు, తనే చెప్తే భయపడిందంటారు అని కూడా అంది. ఆ మాట నిజమేననిపించింది ఆయనకి.

"రేపు నేనే చెప్తాను. మీరు మాత్రం నోరు విప్పకండి."

"మందు ఎక్కించే లోపు చెప్పాలి."

"చెప్తాను."

తను నోరు విప్పనని మాటిచ్చి వచ్చేశాడు. దారి పొడుగునా, తను ఇచ్చింది మాటా, లేక పిల్ల మోతాదు మీద తన వేలిముద్ర కూడానా అని ఆలోచించుకుంటూ నడిచాడు.

మంగళవారం పొద్దున్న లేత్ తెరవలేదు. బండి దినం కాని దినాన ఆస్పత్రికి వెళ్ళడానికి ఆయనకి సాకు లేదు. పోయినదానికి బదులని కొత్త చేతి తొడుగులు కొన్నాడు. అవి పట్టుకుని మెట్లెక్కాడు.

పెద్ద సిస్టరు ఎదురొచ్చి, జడ్జిగారు ఇవాళ కోర్టులో ఉన్నారు మేస్త్రీగారూ, మీ మీదే విచారణ, పోయిన తొడుగు కేసు, అని నవ్వింది. కిటికీ పక్క మంచం మీద జడ్జిగారు దిండుకి ఆనుకుని కూచుంది. నీలం కోటు భుజాల మీద ఉంది. మోచేతి దగ్గర సూది గుచ్చి ఉంది. మంచం పక్క స్టాండుకి సెలైను సీసా వేలాడుతోంది. మందుకి ముందు అరగంట ఉత్త సెలైను ఎక్కిస్తారు. సగం దాటింది. దాని పక్కనే రెండో కొక్కేనికి పసుపురంగు మందు సంచీ, దాని మీద చీటీ. చీటీ మీద ఇరవై ఒకటి.

తల్లి మంచం అవతల నిలబడి ఉంది. మేస్త్రీని చూసింది, చూడనట్టు దుప్పటి సర్దింది. చెప్పిందా అని ఆయన అడగక్కర్లేకపోయింది. చెప్పి ఉంటే ఆ సంచీ అక్కడ ఉండదు.

తొడుగులు ఇచ్చాడు. జడ్జిగారు తొడుక్కుని చూసి, వదులుగా ఉన్నాయని, అయినా నేరం క్షమించానని అంది. నోటి పుళ్ళ వల్ల మాట ముద్దముద్దగా వచ్చింది. మేస్త్రీ తల్లి వైపు చూశాడు. ఆవిడ పెదవులు కదిలాయి. అన్నయ్యా, అలా బయట టీ తాగొద్దాం పదండి అంది. సిస్టరు వచ్చి సెలైను సీసా మీద వేలితో తట్టింది, గొట్టం సరిచేసింది, ఇంకో పది నిమిషాల్లో మందు కలుపుతానంది. తల్లి మళ్ళీ నోరు తెరిచింది. నోరు పెగల్లేదు. మాటిచ్చిన నోటిని మేస్త్రీ మూసుకునే ఉన్నాడు. అక్కడ మాట్లాడగలిగిన పెద్దవాళ్ళు ఇద్దరూ, ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు.

అప్పుడు జడ్జిగారు, దిండు మీంచి తల తిప్పకుండానే, తీర్పులు చెప్పే గొంతుతో అడిగింది.

"మావయ్యా, బండికి ఆ రోజు రెండోసారి భోజనం పెట్టావు కదా. నేను తగ్గిపోయాననేనా?"

తల్లి చెయ్యి దుప్పటి మీద ఉన్నచోటే ఆగిపోయింది. గొట్టం మీద సిస్టరు వేళ్ళు ఆగాయి. ఆవిడ ముందు పిల్లని చూసింది, తర్వాత మేస్త్రీని చూసింది.

"రెండోసారి ఏం పెట్టారు మేస్త్రీగారూ?"

సెలైను సీసాలో ఇంకా రెండు వేళ్ళ నీళ్ళున్నాయి. మందు సంచీ పక్క కొక్కేనికి వేలాడుతోంది. తూచే మిషను వరండా చివర గోడ వారన ఉంది. పిల్ల ఒంటి మీది కోటు ఇంకా ఎవరూ విప్పలేదు. పిల్లని ఇంకా మళ్ళీ తూచలేదు.